డాల్ఫిన్ల పడవలో అనంతపురం పిల్లలు

ఈ మధ్య ఇద్దరు కుర్రవాళ్లు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. ఏదో ట్రావెల్స్‌లో కొత్తగా చేరారట. "సార్, టూర్ మేనేజర్ అంటే ముఖ్యంగా ఏం చెయ్యాల?" అని అడిగారు. "వాంతులు కడగాల" అన్నాను. వాళ్ల మొహాలు చిన్నబోయాయి. తమాషాకు అనలేదు. బస్సు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నిమ్మకాయ, ప్లాస్టిక్ కవరు, పాత పేపరు చేతికి అందేలా పెట్టుకోని వాడు ఎన్ని భాషలు నేర్చినా ఈ పనికి పనికిరాడు. వాళ్లకు ఆ రోజు కాఫీ ఇచ్చి పంపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

చూపించడం, తిరిగి తేవడం

తొంభైల చివర నుంచి దాదాపు పదేళ్లు అనంతపురంలో ఒక ట్రావెల్స్ ఆఫీసు తరఫున ఈ పని చేశాను. వేసవి సెలవులు ఇవ్వగానే కుటుంబాలను బస్సులో ఎక్కించుకుని బళ్లారి, హుబ్బళ్లి మీదుగా కర్ణాటక తీరంలోని కార్వార్ తీసుకెళ్లేవాళ్లం. అక్కడ పొద్దున్నే పడవ ఎక్కించి సముద్రంలో డాల్ఫిన్లను చూపించి, మరుసటి రోజు ఇంటిదారి పట్టేవాళ్లం. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలే. అయిదేళ్ల నుంచి పదేళ్ల దాకా ఉండేవాళ్లు.

వాళ్లలో చాలామంది అంతవరకు చూసిన అతిపెద్ద నీళ్లు వీధిలోకి వచ్చే ట్యాంకరులోవి. అలాంటి పిల్లలు బస్సు దిగి మొదటిసారి సముద్రం చూసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. ఒక పాప వాళ్లమ్మ కొంగు లాగి, "అమ్మా, దీన్ని ఎవురు కొళాయి కట్టేయకుండా పోయినారే?" అని అడిగింది. ఈ ఉద్యోగంలో నాకు జీతం కన్నా ఎక్కువ దొరికింది ఇలాంటి మాటలే.

పని మాత్రం రెండే ముక్కలు. పిల్లలకు చూపించాలి. పిల్లలను తిరిగి తేవాలి. వినడానికి సులువే. కానీ ఈ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ ఉంటాయి. నీళ్లలోంచి డాల్ఫిన్ వీపు పైకి లేచిన క్షణంలో ఏ పిల్లవాడికీ ఒళ్లు తెలియదు. సరిగ్గా ఆ క్షణంలోనే వాడు ఒళ్లు తెలుసుకుని కూర్చోవాలి. నేను ఆ పదేళ్లలో నేర్చుకున్నదంతా ఈ చిక్కు గురించే.

గ్యారంటీ

మా ఓనరు ఓబుళరెడ్డి గారు మంచి మనిషి, పెద్ద గొంతు. మొదటి వేసవిలో ఆఫీసు బయట పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు: డాల్ఫిన్లు గ్యారంటీ. నేను కూడా అప్పుడు ఏమీ అనలేదు. ఆయనా సముద్రం చూసినవాడు కాదు, నేనూ కాదు.

మొదటి ట్రిప్పులోనే రెండు గంటలు తిరిగినా ఒక్కటీ కనిపించలేదు. పెద్దవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. అప్పుడు ఒక ఆరేళ్ల పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. "వాటికి గూడా ఎండాకాలం సెలవులేమో అన్నా. అవ్వ ఊరికి పోయింటాయి." పడవంతా ఒకటే నవ్వు. ఆ రోజు నా పరువు కాపాడింది వాడే.

తిరిగి వచ్చాక గ్యారంటీ అనే మాట తీసేయమని ఓనరును అడిగాను.

"ఏమప్పా రామాంజీ, అది తీసేస్తే ఎవురొస్తారప్పా?"

"వాన గ్యారంటీ అని చెప్పి ఎవురన్నా విత్తనం వేయిస్తే మనూర్లో ఒప్పుకుంటారా సార్?"

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. వారం తర్వాత బోర్డు మీద 'కనిపించవచ్చు' అని వచ్చింది. జనం ఏమీ తగ్గలేదు. మా జిల్లా వాళ్లు ఆకాశం చూస్తూ కూర్చోవడంలో ఆరితేరిన వాళ్లు. వస్తే వచ్చింది, లేకుంటే మళ్లీ చూద్దాం అనుకోగలరు. అబద్ధం చెబితేనే వాళ్లకు కోపం. కొత్తవాళ్లు ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి.

నీళ్ల క్యాన్లు

మా పడవ నడిపే ఆయన పేరు మంజునాథ. యాభై దాటిన మనిషి, బక్కగా ఉండేవాడు. కన్నడం తప్ప మాట్లాడడు, అదీ తూచి తూచి. కన్నడం నాకు బాగానే వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

మొదటిసారి మా ఆడవాళ్లు పడవ ఎక్కబోతే ఆయన అడ్డం నిలబడ్డాడు. ఒక్కొక్కరి చేతిలో ఇరవై లీటర్ల క్యాను! ఇంటి నుంచి మోసుకొచ్చిన నీళ్లు. "ఇంత నీళ్లలోకి పోతా మళ్లా నీళ్లెందుకు?" అని ఆయన అడిగితే నేను తెలుగులో చెప్పాను. తనకల్లు నుంచి వచ్చిన ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఆయప్ప చూపించేటివి తాగే నీళ్లా ఏమి? బిడ్డలకు దప్పికైతే యాడికి పోవల్ల?" అంది.

"క్యాన్లన్నా ఎక్కాలి, మనుషులన్నా ఎక్కాలి" అన్నాడు మంజునాథ.

చివరకు ఒక్క క్యాను పడవ మధ్యలో పెట్టడానికి ఒప్పందం కుదిరింది. మిగతావాటికి ఒడ్డున ఒకరు కాపలా కాశారు. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నీళ్ల కోసం పొద్దంతా బిందెలతో క్యూలో నిలబడే మనిషికి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే కథ. ఎండ ముదిరాక పడవలో పిల్లలందరూ తాగింది ఆ క్యానులోవే. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పుకూ క్యాను, స్టీలు గ్లాసు నేనే పెట్టించాను.

ఇక్కడే నా తెలివితక్కువ పని ఒకటి కూడా చెప్పాలి. పిల్లలు ఆకలితో ఉంటారని పడవ ఎక్కే ముందు కడుపునిండా పూరీలు పెట్టించాను. ఆ తర్వాత ఏమైందో వర్ణించను. తలా రెండు ఇడ్లీలు చాలు.

ఆ కేక నాది

మూడో వేసవిలో జరిగినది రాయకుండా ఉండాలని చాలాసార్లు అనుకున్నాను. రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

అప్పట్లో పడవలో ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చునేవాళ్లు. ఆ రోజు ముందుగా డాల్ఫిన్‌ను చూసింది నేనే. సంతోషం పట్టలేక "అదిగో!" అని గట్టిగా అరిచాను. పడవలోని వాళ్లంతా, పెద్దా చిన్నా, ఒక్కసారిగా ఎడమ వైపుకు పరుగెత్తారు. పడవ ఆ వైపు ఒరిగింది. బత్తలపల్లె స్కూలు అయ్యవారి కొడుకు చరణ్, అయిదేళ్లవాడు, తడి చెక్క మీద జారి అంచు మీదికి పోయాడు. కాళ్లు రెండూ బయట వేలాడుతున్నాయి. మంజునాథ చుక్కాని వదిలేసి ఒక్క గెంతు గెంతి వాడి లైఫ్ జాకెట్టు పట్టుకున్నాడు. పెద్దవాళ్ల సైజు జాకెట్టు. అది వాడి తల మీదుగా ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. రెండో చేత్తో వాడి జబ్బ దొరకబుచ్చుకుని లోపలికి లాగాడు.

అంతా లెక్కపెట్టి నాలుగు శ్వాసల్లో అయిపోయింది. చరణ్ ఏడవను కూడా లేదు. వాళ్లమ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒడ్డుకు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మంజునాథ ఒడ్డున దిగాక నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఇంకోసారి అరిస్తే నేను పడవ తియ్యను" అన్నాడు. అంతే అన్నాడు.

ఊరికి వచ్చాక ఓబుళరెడ్డి గారితో "అంతా బాగా జరిగింది సార్" అని అబద్ధం చెప్పాను. మరునాడు పొద్దున పోయి నిజం చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడారు. "ఇంగ పడవ మీద నీ మాటే చెల్లుతాది. నేను గూడా అడ్డం రాను. కానీ ఒక్క బిడ్డకు ఏమన్నా అయితే మనమిద్దరమూ ఈ ఊర్లో తలెత్తుకుని తిరగలేము." మనుషుల చేత పని చేయించే పద్ధతులు ఆయనకు పెద్దగా తెలియవు గానీ, ఆ ఒక్క రోజు ఆయన పెద్ద ఆఫీసరులా మాట్లాడారు.

జాకెట్ల సంగతి వారంలో తేల్చాను. అనంతపురం పాతూరులో ఒక దర్జీ చేత ప్రతి జాకెట్టుకూ మంచానికి అల్లే నవారు ముక్క కుట్టించాను. రెండు కాళ్ల మధ్య నుంచి తెచ్చి ముందు ముడి వేస్తే ఎంత లాగినా జాకెట్టు తల మీదుగా ఊడదు. పిల్లలు దాన్ని గోచీ అని నవ్వేవాళ్లు. నవ్వనీ. కానీ పరుగు సంగతి ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

పెళ్లిలో దొరికిన ఉపాయం

ఆ సంవత్సరమే బత్తలపల్లెలో చుట్టాల పెళ్లికి పోయాను. నేల మీద రెండు వరసలుగా విస్తళ్లు వేసి బంతి కూర్చోబెట్టారు. నా ఎదురుగా ఏడెనిమిది మంది పిల్లలు. అంతకు ముందు దాకా షామియానా పీకి పందిరేసిన పిల్లలే. ఓళిగల, అంటే బొబ్బట్ల, బుట్ట అవతలి చివర నుంచి వస్తోంది. వాళ్ల కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి. అయినా ఒక్కడు కూడా లేవలేదు. ఒకడు మోకాళ్ల మీద లేవబోతే పక్కనున్న ముసలామె, "బంతిలో నుంచి లేయకూడదు రా" అని మెల్లగా అంది. వాడు చప్పున కూర్చున్నాడు.

నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ నేను పడవలో కొత్త నియమాలు వెతుకుతున్నాను. మా పిల్లలకు పాలు తాగే వయసు నుంచి తెలిసిన నియమం కళ్ల ముందే ఉంది.

మరుసటి వేసవికి మంజునాథ పడవ మధ్యలో పొడుగ్గా ఒక బల్ల వేయించాడు. దాని మీద పిల్లలు వీపులు ఆనించుకుని రెండు బంతులుగా కూర్చోవాలి. కుడి బంతి కుడి సముద్రం చూస్తుంది, ఎడమ బంతి ఎడమ సముద్రం. పెద్దవాళ్లు అంచుల వెంట ఉన్న బెంచీల మీద, నీళ్లకు వీపు పెట్టి, తమ పిల్లలకు ఎదురుగా కూర్చోవాలి. వాళ్లకు ఇంకో నియమం: మీరు చూడాల్సింది మీ బిడ్డను, సముద్రాన్ని కాదు. డాల్ఫిన్ కనిపిస్తే నేను అరవను. "కుడి బంతి" అనో "ఎడమ బంతి" అనో మామూలుగా చెబుతాను.

పడవ కదిలే ముందు పిల్లలను అడిగేవాణ్ణి. "బంతిలో నుంచి ఎవురన్నా లేస్తారా?" "లేయరు!" అని ముక్తకంఠంతో అరిచేవాళ్లు. అయిదు వేసవులు ఏ ఇబ్బందీ రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కానీ ఆ పెళ్లిలో నేను సగం పాఠమే నేర్చుకున్నానని తెలియలేదు. మిగతా సగం నేర్పింది ఒక ఏడేళ్ల పిల్ల.

నాగవేణి

తనకల్లు దగ్గర పల్లె వాళ్లది. నాయన నరసింహులు వానను నమ్ముకుని వేరుశనగ వేసే రైతు. ఆ ఏడు పంట బాగా వచ్చింది. భార్యను, చంటిపిల్లను, నాగవేణిని తీసుకుని పుట్టిన తర్వాత మొదటిసారి వేరే ఊరు చూడటానికి బయలుదేరాడు. రెండోసారి ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు.

నాగవేణి బస్సులో నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. డాల్ఫిన్‌కు పండ్లుంటాయా, వెంట్రుకలుంటాయా, కన్ను కొడుతుందా? రెండో తరగతి పిల్లలందరికీ ముందే చెప్పేసి వచ్చిందట. "స్కూలు తెరిస్తానే టీచరు నన్ను నిలబెట్టి చెప్పమన్యాది అన్నా. నేను బాగా చూసి పెట్టుకోవల్ల" అంది. పరీక్షకు పోయేవాళ్ల మాదిరి ఉంది మొహం.

తల్లి చంటిపిల్లతో ఒడ్డునే ఉండిపోయింది. నాగవేణి కుడి బంతిలో కూర్చుంది. నరసింహులు ఆమెకు ఎదురుగా కుడి బెంచీ మీద. ఆ ఉదయానికి మాదే ఆఖరు పడవ. ఎండ ముదిరే కొద్దీ సముద్రం మీద గాలి లేస్తుంది, ఆ లోపల ఒడ్డుకు చేరాలి.

ముప్పావు గంట గడిచాక డాల్ఫిన్లు వచ్చాయి. ఎడమ వైపు. నాలుగైదు ఉంటాయి. "ఎడమ బంతి" అన్నాను. ఆ వరసలో పిల్లలు కేరింతలు కొట్టారు. అవి అంత దగ్గరగా, అంతసేపు కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. కుడి బంతి వాళ్లు ఆగలేకపోయారు. ఒకరి తర్వాత ఒకరు బల్ల మీద మోకాళ్లు వేసి వెనక్కి తిరిగారు. పెద్దవాళ్లు కూడా మెడలు సాగదీశారు. నేను ఇటు ఒకరిని, అటు ఒకరిని పట్టి కూర్చోబెడుతున్నాను.

తిరగనిది నాగవేణి ఒక్కతే. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఖాళీగా ఉన్న కుడి సముద్రాన్నే చూస్తూ కూర్చుంది. డాల్ఫిన్లు మునిగిపోయాయి. అందరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నేను ఆ పిల్ల దగ్గరికి పోయి, "భలే కూకున్యావమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. నన్ను సూటిగా చూసి అడిగింది. "అన్నా, బంతిలో కూకున్నోళ్లకి వడ్డించకుండా పోతారా?"

నిజమే కదా. కూర్చున్నవాడు లేవకూడదు అన్నది ఎంత నియమమో, వడ్డించేవాడు ఒక్క విస్తరి కూడా దాటిపోకూడదు అన్నదీ అంతే నియమం. ఒకటి ఉండబట్టే రెండోది నిలుస్తుంది. ఇక్కడ లేచినవాళ్లు చూశారు, మాట నిలబెట్టుకున్న పిల్ల చూడలేదు. ఇలాగే ఒడ్డుకు పోతే పిల్లలందరూ నేర్చుకునేది లేవాలనే. ఆ తర్వాత నా బంతి నియమాన్ని ఎవరు నమ్ముతారు? అంతకన్నా ముందు ఆ పిల్లకు మొహం ఎలా చూపించాలి?

మంజునాథ అప్పటికే పడవను ఒడ్డు వైపు తిప్పుతున్నాడు. నేను పోయి ఆగమన్నాను.

"గాలి వస్తోంది" అన్నాడు.

"గాలి విషయంలో నీదే మాట. ఇంకా టైముందా, లేదా? అది చెప్పు."

ఆయన నీళ్ల వైపు చూశాడు, ఆకాశం చూశాడు. "ఆ పిల్ల నిన్నేమంది?" అని అడిగాడు. కన్నడంలో చెప్పాను. ఆయన ఊళ్లోనూ పెళ్లిళ్లలో వరసగానే కూర్చోబెడతారు. "పావుగంట. ఇంజను ఆపేస్తాను. వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు" అన్నాడు.

పడవ మెల్లగా తిరిగింది. ఇప్పుడు కుడి బంతికి ఎదురుగా డాల్ఫిన్లు పోయిన వైపు ఉంది. ఇంజను ఆగిపోయాక పిల్లలు ఎవరూ చెప్పకుండానే నోళ్లు మూసుకున్నారు. నేను ఇన్నేళ్లలో ఏ దేవుడికీ డాల్ఫిన్ల కోసం మొక్కలేదు. ఆ రోజు కదిరి నరసింహస్వామికి మొక్కాను.

పది నిమిషాలు దాటాక రెండు వచ్చాయి. పెద్దది ఒకటి, దాన్ని ఆనుకుని పిల్ల ఒకటి. పడవకు చాలా దగ్గరలో లేచాయి.

"కుడి బంతి" అన్నాను.

నాగవేణి అరవలేదు. నోరు తెరుచుకుని చూసింది. పెద్దది ఫూ అని ఊపిరి వదిలితే సన్నటి తుంపర లేచింది. "ఊపిరి ఇడుస్తాండాది!" అంది ఆ పిల్ల, తనలో తను అనుకుంటున్నట్టు. ఒకటి, రెండు, మూడుసార్లు లేచాయి. ఎడమ బంతి నుంచి ఒక్కరు కూడా కదల్లేదు. నా కళ్లు చెమర్చాయి. దాచుకోవడానికి ఏముంది, ఏడ్చాను.

అప్పుడు నాగవేణి ఎదురుగా ఉన్న తండ్రిని చూసింది. "నాయనా, చూస్తివా?"

"ల్యేదమ్మా. నిన్నే చూస్తాంటి" అన్నాడు నరసింహులు. "అన్న చెప్పినాడు గదా, పెద్దోళ్లు బిడ్డల్నే చూడాలని."

"ముందు ఆతట్టు వచ్చినప్పుడో?"

"అప్పుడూ నిన్నే."

బెంచీల మీద పెద్దవాళ్లు కొందరు తలలు వంచుకున్నారు. నాగవేణి నా వైపు తిరిగింది. "అన్నా, మా నాయన ఒక తూరి గూడా చూడల్యేదంట. ఇంగొక తూరి తిప్పమను."

మంజునాథ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. పావుగంట ఎప్పుడో దాటింది. ఆ పిల్ల మాట ఆయనకు తెలుగులో అర్థమయిందో లేదో తెలియదు. ఇంజను మెల్లగా మోగింది. పడవ ఒడ్డు వైపు తిరగలేదు. డాల్ఫిన్లు మునిగిన వైపే కొంచెం జరిగి మళ్లీ ఆగింది.

"నరసింహులన్నా, నువ్వు వెనక్కి తిరిగి కూకో. పాపను నేను చూసుకుంటా" అన్నాను. ఆయన నమ్మలేనట్టు చూసి, బెంచీ మీద వెనక్కి తిరిగి కమ్మీ పట్టుకున్నాడు. నేను ఆయన పక్కన, నీళ్లకు వీపు పెట్టి, నాగవేణికి ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు నీళ్లతట్టు చూడకూడదు" అంది ఆ పిల్ల, వేలు చూపించి.

"చూడనమ్మా."

చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. నా పక్క నుంచి, పొలంలో అవతలి గట్టుకు వినిపించేటట్టు, "ఓయమ్మా!" అని నరసింహులు కేక వేశాడు. పడవంతా చప్పట్లు కొట్టింది. నేను తిరగలేదు.